దున్నని చేలో పాత ప్లాంటర్

ఈసారి కొంచెం పొడుగు. టీ పెట్టుకుని చదవండి.

ఒక ఆదివారం పొద్దున్నించీ క్రాంజిలో వానే. టెక్కా ప్రయాణం మానేసి అందరం గదిలోనే ఉన్నాం. పన్నెండు మందిమి. ఆరుగురం కృష్ణా డెల్టా వాళ్లం, ఇద్దరు పల్నాడు, ఒకరు నంద్యాల వైపు, ముగ్గురు శ్రీకాకుళం. అప్పుడు మాలో కొల్లిపర వైపు తమ్ముడికి ఇంటి నుంచి ఫోను వచ్చింది. వాళ్ల అన్న. వరి కోత అయిపోయింది, పదును ఆరిపోకముందే మొక్కజొన్న పెట్టాలి, గుంటలు వేయడానికి కూలీలు దొరకట్లేదు. పోయినేడు షెడ్డులో ఉన్న పాత ప్లాంటర్ తోనే దున్నకుండా వేస్తే సగం మొలవలేదు, పైన పడ్డ గింజలన్నీ కాకులు ఏరుకుపోయాయి. అందుకని ఈసారి జీరో టిల్లేజ్ ప్లాంటర్ కొత్తది కొనాలి, డబ్బు పంపమని.

కొత్తదంటే మా తమ్ముడు ఇంటికి పంపే డబ్బు మూడు నెలలది. పంపితే చెల్లెలి చదువు ఫీజు ఆగుతుంది. పంపకపోతే అదను పోతుంది. వాడు ఫోను పెట్టేసి మంచం మీద కూచుండిపోయాడు. మాలో సగం మంది ఫిట్టర్లం, వెల్డర్లం. పాత ప్లాంటర్ ఫోటోలు తెప్పించి చూశాం. చూస్తుంటే మాటల్లో మాట వచ్చి గొర్రు దాకా, జడ్డిగం దాకా వెళ్లిపోయాం. ఆ రోజు మాట్లాడుకున్నది, తర్వాత రాత్రుళ్లు కూచుని చదివి సరిచూసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాం. ముందు చరిత్ర, తర్వాత రెంచి. ఎందుకంటే చరిత్ర తెలియకుండా ఆ ప్లాంటర్ కి ఏం మార్చాలో మాకూ అర్థం కాలేదు.

గొర్రు సంగతి

మెట్ట ఊళ్లలో పుట్టిన వాళ్లకి గొర్రు గురించి చెప్పక్కర్లేదు. డెల్టా వాళ్లకీ, పట్నం పిల్లలకీ చెబుతున్నాం. అడ్డంగా ఒక దుంగ. దానికి మూడో, నాలుగో, ఇంకా ఎక్కువో పళ్లు. ఒక్కో పంటికి ఒక్కో వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైకి వచ్చి ఒక చెక్క గిన్నెలో కలుస్తాయి. ఆ గిన్నే జడ్డిగం. ఎద్దులు లాగుతుంటే వెనక నడిచే మనిషి పిడికిట్లోంచి గింజలు జడ్డిగంలో వదులుతూ ఉంటుంది. వదులుతుంది అనే రాశాం, ఎందుకంటే మేం చూసినంతలో ఆ పని ఎక్కువగా ఆడవాళ్లదే. మా పల్నాడు అన్న చెప్పేదేంటంటే, వాళ్ల నాయనమ్మ వెద పెడితే మొలకలు దారం పట్టి కొట్టినట్టు వచ్చేవట. ఎద్దు వేగం పెరిగితే చెయ్యి వేగం పెరిగేది, ఎద్దు ఆగితే వేళ్లు మూసుకునేవి. ఇప్పుడు ప్లాంటర్ లో పళ్లెం, చైను, చక్రం కలిసి చేసే పని అంతా ఆ వేళ్లలోనే ఉండేది.

గింజను వరసలో వేసే యంత్రం అనగానే పుస్తకాల్లో ఇంగ్లండుకు చెందిన జెత్రో టల్ పేరు, 1701 సంవత్సరం చెబుతారు. అదే శతాబ్దం చివర్లో, 1790ల్లో, దక్షిణ భారతంలో ఉన్న హాల్కాట్ అనే కుంపిణీ సైన్యం కెప్టెన్ ఒక చేను పక్కగా గుర్రం మీద పోతూ వెదగొర్రు నడుస్తుంటే చూశాడు. ఇలాంటిది ఈ మధ్య యూరపులో కనిపెట్టిందే అనుకుంటున్న మనిషి ఆశ్చర్యపోయి విచారిస్తే, ఇక్కడి రైతులు తాతముత్తాతల కాలం నుంచీ దాన్నే వాడుతున్నారని తెలిసింది. ఆ సంగతి ఉత్తరాలుగా రాసి లండన్ వ్యవసాయ బోర్డుకు పంపాడు. తర్వాత ధరంపాల్ గారు పద్దెనిమిదో శతాబ్దపు భారత విజ్ఞానం మీద వేసిన పుస్తకంలో ఆ ఉత్తరాలు మళ్లీ అచ్చయ్యాయి.

ఇక్కడ గొప్పలు చెప్పుకుని ఆగిపోకూడదు. గొర్రుకి ఒక షరతు ఉంది. నేల ముందే దున్ని, గుంటక తోలి, మెత్తగా ఉండాలి. గట్టి నేలలో గొర్రు పళ్లు దిగవు. అంటే గొర్రు దుక్కి చేసిన నేల పనిముట్టు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

డెల్టాలో దున్నకుండా పంట

ఇక మా డెల్టా. విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. శిథిలమైన ఆ ఆనకట్ట స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. కాలవ నీళ్లొచ్చాక మాగాణి అంటే వరి. వరి అంటే దమ్ము. నీళ్లు పెట్టి బురద చేసి తొక్కిస్తాం కదా, అలా చేసిన నల్లరేగడి వరి కోశాక ఎండితే ఇటుక అయిపోతుంది. అప్పుడు దున్నితే పెళ్లలు లేస్తాయి. ఆ పెళ్లల్ని చితక్కొట్టి మెత్తన చేసేసరికి రెండు మూడు వారాలు గడిచి లోపలున్న పదును కాస్తా గాలికి పోతుంది. రెండో పంటకు కాలవ నీళ్లు వస్తాయన్న భరోసా లేని చోట ఆ పదునే రైతు పెట్టుబడి.

అందుకే మా తాతలు దున్నడమే మానేశారు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, పైరు నిలబడి ఉండగానే మినుములో, పెసలో, పశువుల మేతకు పిల్లిపెసరో, జనుమో తడి నేల మీద చల్లేసేవాళ్లు. వరి కోసేసరికి కింద మొలకలు. దుక్కి లేదు, అరక లేదు, తడి కూడా పెద్దగా లేదు. జీరో టిల్లేజ్ అని ఇప్పుడు అంటున్నది అదే. పేరు లేదంతే.

కాబట్టి మన దగ్గర రెండు పాత విద్యలు ఉండేవి. మెట్టలో వరస ఉంది, కానీ దున్నాలి. మాగాణిలో దున్నక్కర్లేదు, కానీ వరస లేదు, చల్లడమే. మినుముకి చల్లినా సరిపోతుంది. మొక్కజొన్నకి సరిపోదు. దానికి వరసా కావాలి, లెక్కా కావాలి, లోతూ కావాలి. దున్నకుండా వరసలో పెట్టడం అనేది ఈ రెండిటి పెళ్లి. ఆ పెళ్లి కుదరడానికి చాలా కాలం పట్టింది. కొంత పని దూరదేశాల్లో జరిగింది.

అమెరికా దుమ్ము, సింగపూర్ గాంబియర్

అమెరికాలో గడ్డి మైదానాల్ని ట్రాక్టర్లతో పొడి పొడిగా దున్నేశారు. 1930ల్లో వరసగా వానలు లేవు. నేల లేచిపోయింది. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుఫానుకి పట్టపగలు చీకటైందని ఆ రోజుకి నల్ల ఆదివారం అని పేరు పెట్టారు. లక్షల మంది ఊళ్లొదిలి పనులు వెతుక్కుంటూ పడమటికి పోయారు. నేల పోతే మనిషి కదులుతాడు. ఇది అమెరికా సంగతే కాదు. మేం రోజూ లారీలో వెళ్తూ చదివే బోర్డులు చూడండి: లిమ్ చు కాంగ్, చువా చు కాంగ్, యియో చు కాంగ్. ఈ 'చు కాంగ్' అనేది పంతొమ్మిదో శతాబ్దంలో చైనా నుంచి వచ్చిన వాళ్లు వాగుల వెంట పెట్టుకున్న మిరియాల, గాంబియర్ తోటల నాటి పేరు. గాంబియర్ ఆకు మరిగించి తీసిన సారం తోళ్ల పదునుకి వాడేవారు. అడవి నరికి తోట వేయడం, మరిగించడానికి మళ్లీ అడవి నరకడం. పదిహేను, ఇరవై ఏళ్లలో నేల సారం అయిపోయేది. అప్పుడు తోట వదిలేసి ఇంకో చోటికి. చివరికి ఈ దీవిలో మంచి నేల తగ్గిపోయి వాళ్లలో చాలామంది జలసంధి దాటి జొహోర్ వెళ్లిపోయారు. మేం పడుకునే డార్మిటరీ కింద నేలకి కూడా అలాంటి కథే ఉండి ఉంటుంది.

సరే, అమెరికా దగ్గరికి వద్దాం. 1943లో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఒహాయో మనిషి, నాగలే తప్పు అని ఒక పుస్తకం రాసి పెద్ద గొడవ లేపాడు. అసలు నేలను తిరగేయాల్సిన అవసరం ఏమిటని అతని ప్రశ్న. ప్రశ్న బాగుంది గానీ కలుపు ఏం చేయాలి? దుక్కిలో సగం పని కలుపు చంపడమే కదా. దానికి జవాబు కలుపు మందుల రూపంలో వచ్చింది. అట్రజిన్ 1950ల చివర్లో, పారాక్వాట్ 1960ల మొదట్లో బజారుకొచ్చాయి. 1962లో కెంటకీ రాష్ట్రం క్రిస్టియన్ కౌంటీలో హ్యారీ యంగ్ అనే రైతు ఎకరం కూడా లేని ముక్కలో దున్నకుండా మొక్కజొన్న పెట్టాడు. అప్పటికి దున్నని నేల కోసం చేసిన ప్లాంటర్ దుకాణంలో దొరికే వస్తువు కాదు. పాత ప్లాంటర్ నే మార్చుకుని వాడాడు. ఆ పొలం దగ్గర ఇప్పుడు ప్రభుత్వం పెట్టిన చరిత్ర ఫలకం ఉంది. అలిస్ చామర్స్ కంపెనీ అలాంటి నేల కోసమే చేసిన ప్లాంటర్ ని అమ్మకానికి పెట్టింది 1966లో.

ఈ ముక్క చదివినప్పుడు మా గదిలో అందరం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. మొదటి మనిషే పాత ప్లాంటర్ తో మొదలుపెట్టాడన్నమాట.

తలకిందుల టి

ఇంకో ముక్క న్యూజిలాండ్ నుంచి వచ్చింది. 1970ల్లో అక్కడి మాసే విశ్వవిద్యాలయంలో సాలు తెరిచే కొత్త రకం పన్ను తయారు చేశారు. ఇంగ్లీషు టి అక్షరం తలకిందులుగా ఉంటే ఎలా ఉంటుందో, సాలు కోసి చూస్తే అలా ఉంటుంది. పైన సన్నటి చీలిక, అడుగున రెండు పక్కలా చిన్న అర. గింజ ఆ అరలో కూచుంటుంది. పై చీలిక సన్నం కాబట్టి తడి బయటికి పోదు. 1980ల్లో ఆ రకం డ్రిల్లులు పాకిస్తాన్ గోధుమ చేలకి వచ్చాయి. 1991లో మన పంత్ నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పన్నునే మన పాత సీడ్ డ్రిల్లుకి బిగించి మన ట్రాక్టర్లకి సరిపోయే జీరో టిల్ డ్రిల్లు చేశారు. వరి తర్వాత గోధుమ వేసే పంజాబు, హర్యానాల్లో అది పాకింది. ఇక్కడా అదే పద్ధతి గమనించండి. పెట్టె పాతదే, చైను పాతదే. పన్ను ఒక్కటే కొత్తది.

మొక్కజొన్న మా చేలోకి ఎలా వచ్చింది

మొక్కజొన్న మనది కాదు, అమెరికా ఖండాల పంట. సముద్రం మీద వచ్చింది. మన దేశంలో దాని మీద దేశమంతటికీ కలిపి పరిశోధన పథకం 1957లో మొదలైంది, 1961లో మొదటి హైబ్రిడ్లు విడుదలయ్యాయి. వాటిలో ఒకదాని పేరే డెక్కన్. అయినా డెల్టా మాగాణిలో చాలాకాలం వరి తర్వాత మినుమే రాజు. గుంటూరు పక్కన లాం పరిశోధన కేంద్రం వాళ్ల ఎల్‌బీజీ రకాలు తెలియని రైతు లేడు.

తర్వాత మినుముకి ఎల్లో మొజాయిక్ తెగులు తగులుకుంది. తెల్లదోమ మోసుకొచ్చే వైరసు, చేను చేనంతా పసుపు. దానికి తోడు బంగారు తీగ కలుపు. ఒక పక్క మినుము దెబ్బ తింటుంటే, ఇంకో పక్క కోళ్ల దాణాకి మొక్కజొన్న గిరాకీ పెరిగింది. 2000 తర్వాత తెనాలి, కొల్లిపర, దుగ్గిరాల వైపు రైతులు వరి దుబ్బుల మధ్యే, దున్నకుండా, మొక్కజొన్న పెట్టడం మొదలుపెట్టారు. యూనివర్సిటీ వాళ్లు తర్వాత దానికి పద్ధతులు రాసిచ్చారు: వరసకీ వరసకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20, ఎకరానికి 8 కిలోల విత్తనం, విత్తిన వెంటనే కలుపు మందు.

మరి యంత్రం? లేదు. చేతులే. తాడు కట్టి, మొన ఉన్న కర్రతో గుంట పొడిచి, గింజ వేసి, మట్టి కప్పి, మడమతో నొక్కి ముందుకి జరగడం. మా అమ్మలు, అక్కలు చేశారు ఆ పని. స్కూలు సెలవుల్లో మేమూ చేశాం. ఒక ఎకరంలో ఎన్ని గుంటలో ఎప్పుడైనా లెక్కేశారా? ఎకరం 4,047 చదరపు మీటర్లు. ఒక్కో మొక్కకి 0.12 చదరపు మీటర్లు. అంటే దాదాపు 33,700 గుంటలు. అన్నిసార్లు నడుం వంచాలి.

ఆ నడుములు ఇప్పుడు అక్కడ లేవు. పెద్దవాళ్లు అయిపోయారు. వాళ్ల తర్వాత వంగాల్సిన వాళ్లం మేం. మేం ఇక్కడున్నాం, షిప్ యార్డుల్లో, టన్నెళ్లలో, ముప్ఫై అంతస్తుల పైన. కూలీలు దొరకట్లేదని ఊళ్లో ఎవరైనా అంటే మేం తల దించుకుని వింటాం, ఎందుకంటే ఆ దొరకని వాళ్లం మేమే. రైతు తప్పు కాదు, మా తప్పూ కాదు. కానీ ఖాళీ మాత్రం మాదే. ఆ ఖాళీలో నిలబడాల్సిన యంత్రం గురించి కాబట్టి మాకు ఈ ప్లాంటర్ సంగతి అంత పట్టింది.

చెయ్యి చేసిన పనులు, ప్లాంటర్ కి నేర్పడం

మా తమ్ముడి వాళ్ల ప్లాంటర్ పదిహేనేళ్ల కిందటిది. మెట్ట కౌలు చేసిన రోజుల్లో కొన్నది. నాలుగు వరసలు, వాలు పళ్లేలు, వెడల్పు పళ్లు. దున్నిన నేలకి చేసింది. అంటే గుణంలో అది మన గొర్రే, ఎద్దుల బదులు ట్రాక్టరు అంతే. మరి గొర్రుకి ఉన్న షరతే దీనికీ ఉంటుంది కదా. పోయినేడు సగం మొలవకపోవడంలో వింతేం లేదు.

అందుకని ఇలా ఆలోచించాం. దున్నని చేలో అమ్మ చెయ్యి ఏమేం చేసేది? ఒక్కోటీ రాసి, ఎదురుగా ప్లాంటర్ లో ఏ ముక్క ఆ పని చేయాలో రాశాం. పొద్దున టూల్ బాక్స్ మీటింగులో ప్రమాదం ఒక పక్క, జాగ్రత్త ఒక పక్క రాస్తాం కదా, అలాగే.

మొదటిది, అమ్మ గడ్డి పక్కకి జరిపేది. ప్లాంటర్ కి ఆ చెయ్యి లేదు. పన్ను ముందు గుండ్రటి కత్తి, అంటే కోల్టర్ డిస్కు, బిగించాలి. అది దుబ్బునీ గడ్డినీ కోసుకుంటూ పోతుంది. మొండిదైతే గడ్డిని కోయదు, మడిచి సాల్లోకి తోసేస్తుంది. గింజ గడ్డి మీద కూచుని మట్టి తగలక ఎండిపోతుంది. కాబట్టి అంచు పదునుగా ఉండాలి, మంచు ఆరి గడ్డి పెళుసెక్కాకే బండి చేలో దిగాలి.

రెండోది, కర్రతో సన్నటి గుంట. పాత వెడల్పు పన్ను గట్టి నేలలో పెళ్లలు లేపుతుంది, సాలు నోరు తెరుచుకుని ఉండిపోతుంది. దాన్ని విప్పి తలకిందుల టి పన్ను బిగించాలి. ఇది ఎలాగూ అరిగే ముక్క, విడిగా దొరుకుతుంది.

మూడోది, బలం. అమ్మ ఒళ్లంతా వాల్చి కర్ర పొడిచేది. పాత ప్లాంటర్ తేలిక, గట్టి నేల మీద ఎగిరి తేలిపోతుంది. ఫ్రేము మీద బరువు పెట్టాలి, స్ప్రింగులు ఉంటే బిగించాలి. ఇంకోటి, ట్రాక్టర్ టాప్ లింక్. అది సరిగ్గా లేక ఫ్రేము ముందుకో వెనక్కో వాలితే పన్ను కోణం మారి లోతు చెడుతుంది. పని చేసే లోతులో బండి ఆపి, పక్క నుంచి చూసి ఫ్రేము మట్టంగా ఉందో లేదో చూడాలి.

నాలుగోది, లోతు. 4 నుంచి 5 సెంటీమీటర్లు. అమ్మ వేలి కణుపుతో చూసుకునేది. ఇప్పుడూ వేరే దారి లేదు. పది అడుగులు నడిపి, దిగి, నాలుగు వరసల్లోనూ తవ్వి గింజ ఎక్కడుందో చూడాల్సిందే.

అయిదోది, లెక్క. పళ్లేన్ని తిప్పేది నేల మీద దొర్లే చక్రం. మా వాళ్ల చక్రం అడ్డకొలత 45 సెంటీమీటర్లు. ఒక చుట్టు తిరిగితే 141 సెంటీమీటర్లు పోతుంది. 20 సెంటీమీటర్లకి ఒక గింజ అంటే చుట్టుకి ఏడు గింజలు. బండిని జాకీ మీద లేపి, చక్రం చేత్తో పది చుట్లు తిప్పి, ఒక్కో గొట్టం కింద కవరు కట్టి లెక్కపెట్టాలి. డెబ్భై దగ్గరగా రావాలి. రాకపోతే చైను పళ్లచక్రం మార్చాలి, లేదా పళ్లెం గుంటలు ఆ విత్తనం సైజుకి సరిపోతున్నాయో చూడాలి. నాలుగు వరసలకి ఎకరంలో ఆ చక్రం దాదాపు 1,200 చుట్లు తిరుగుతుంది. షెడ్డులో సరిగ్గా వచ్చినా చేలో తక్కువ పడొచ్చు, ఎందుకంటే తడి గడ్డి మీద చక్రం జారుతుంది. జారిన ప్రతిసారీ ఖాళీ. దానికి చక్రం మీద ఇనుప గట్లు వెల్డింగ్ చేయాలి.

ఆరోది, కప్పడం, మడమతో నొక్కడం. ఇది అందరూ మర్చిపోయే పని. దున్నిన చేలో వదులు మట్టి దానంతటదే పడుతుంది. దున్నని సాలు పడదు. వెనక నొక్కే చక్రం ఉండాల్సిందే. మట్టి గింజని గట్టిగా పట్టుకుంటేనే తడి అందుతుంది.

ఏడోది మందు కట్ట సంగతి. పాత యంత్రాల్లో కొన్నిటికి ఎరువు, గింజ ఒకే సాల్లో పడతాయి. దున్నని సన్నటి సాల్లో ఎరువు పక్కకి చెదరదు, మొలకని కాల్చేస్తుంది. ఎరువు గొట్టాన్ని ఒక అయిదు సెంటీమీటర్లు పక్కకి తప్పించాలి. ఇక వేగం. మనిషి నడక వేగం చాలు. ట్రాక్టరు తోలే పిల్లవాడికి ఇది ముందే గట్టిగా చెప్పాలి.

ఇవన్నీ మూడు రాత్రులు వీడియో కాల్ లో జరిగాయి. కోల్టర్ బ్రాకెట్ కొలతలు ఇక్కడ అట్టముక్క మీద గీసి ఫోటో పంపాం. అక్కడ ఊరి వెల్డింగ్ షాపులో కోసి అతికించారు. బుష్షులు అరిగి పన్ను అటూ ఇటూ ఊగుతోందని అన్న చెప్తే, వాషర్లు వేసి ఆట ఎలా తీసేయాలో చూపించాం. పళ్లు, డిస్కులు, నొక్కే చక్రాలు, వెల్డింగ్ అన్నీ కలిపి కొత్త ప్లాంటర్ ధరలో అయిదో వంతు కూడా కాలేదు. ఫీజు కట్టేశాం.

ఒక హెచ్చరిక

దున్నకపోతే అన్నీ లాభాలే అని రాయడానికి మాకు మనసొప్పదు. దుక్కి మానేసిన చోట కలుపు మందు వచ్చి కూచుంది. వరి దుబ్బు మళ్లీ చిగురించకుండా కొట్టే పారాక్వాట్ కి విరుగుడు లేదు. ఒక్క గుక్క లోపలికి పోయినా మనిషి దక్కడం కష్టం. ఇక్కడ చిన్న థిన్నర్ డబ్బా తెరవాలన్నా మాకు చేతికి గ్లౌజు, మొహానికి మాస్కు, సంతకం కావాలి. అక్కడ మా అన్నదమ్ములు లుంగీ మీద, వట్టి కాళ్లతో, గాలికి ఎదురుగా కొడుతున్నారు. ఈ పోస్టు చదివే ప్రతివాడూ ఇంటికి ఫోను చేసి ఆ ఒక్క మాట చెప్పండి. మందు కూల్ డ్రింక్ సీసాల్లో పోసి పెట్టొద్దని కూడా చెప్పండి. కత్తెర పురుగు ఇంకో సంగతి. 2018లో కర్ణాటకలో కనబడి అదే ఏడు మన రాష్ట్రాలకీ వచ్చింది, మొలక దశ నుంచే చూసుకోవాలి.

ఇప్పటి సంగతి

విత్తి పన్నెండో రోజున అన్న చేలో నడుస్తూ వీడియో చూపించాడు. పది మీటర్ల తాడు పరిచి లెక్కపెట్టమన్నాం. యాభై రావాలి. మూడు వరసల్లో 43, 44, 43 వచ్చాయి. నాలుగో వరసలో 31. అన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు గానీ మా గదిలో చప్పట్లు కొట్టాం, ఎందుకంటే పోయినేడు నాలుగు వరసల్లోనూ పాతికకి మించలేదు. నాలుగో వరస చైను వదులుగా ఉందా, పళ్లెం గుంట అరిగిందా అన్నది ఈ ఆదివారం విప్పించి చూడాలి. ఖాళీల్లో మళ్లీ గింజ గుచ్చడానికి వాళ్లమ్మ కర్ర తీసుకుని దిగిందట. వద్దన్నా వినలేదట. వీడియోలో వెనకాల కనబడింది, వంగి, మడమతో నొక్కుకుంటూ.

మీ ఊళ్లో గొర్రు ఇంకా ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే ఫోటో తీసి కింద పెట్టండి. జడ్డిగాన్ని మీ వైపు ఏమంటారో, ఎన్ని పళ్ల గొర్రు వాడేవాళ్లో, వెద ఎవరు పెట్టేవాళ్లో రాయండి. పాత ప్లాంటర్ ని దున్నని చేలో నడిపిన వాళ్లుంటే నాలుగో వరస సంగతి మాకు కాస్త చెప్పండి. వచ్చే ఆదివారం లోపల తెలిస్తే మంచిది.